మూడు చుక్కల పుస్తకానికి మూడు చుక్కలే

ఐదుకి మూడు చుక్కలు. పార్సిల్ విప్పిన పూటే వేసేసిన మార్కులు కావివి, పిల్లల మనసు ఎదిగే తీరు మీద వచ్చిన మూల వ్యాసాల సంకలనం ఇది, నా బల్ల మీద రెండు విద్యాసంవత్సరాలు నలిగింది. అట్ట ఒక మూల వంగి వచ్చింది. దానికేమీ తగ్గించలేదు. నలభైమంది చేతులు మారితే ఏ పుస్తకానికైనా మూలలు వంగుతాయి, ఇది కాస్త ముందే వంగింది, అంతే.

నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. మా పిల్లల్లో సగానికి పైగా డిగ్రీ అవ్వగానే బీఈడీ, ఆ తర్వాత టెట్టు, డీఎస్సీ దారి పట్టేవాళ్లే. అందుకని మూడో ఏడాదికి వచ్చేసరికే వాళ్లకి పిల్లల ఆలోచన నాలుగు దశల్లో ఎదుగుతుందన్న పియాజే అంటే మనిషి కాదు, పరీక్షలో ఒక బిట్టు. "ఇంద్రియ చాలక, పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక" అని నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు. కోల్‌బర్గ్ అంటే నైతిక వికాసం, మూడు స్థాయిలు, ఆరు దశలు. ఎరిక్‌సన్ అంటే మనిషి జీవితమంతటికీ ఎనిమిది దశలు. అంకె ఒక్కటి తప్పదు. ఆ అంకెల వెనక ఎక్కడో ఒక గది ఉందని, అందులో ఒక పిల్లో పిల్లాడో కూర్చుని ఉంటే ఎదురుగా ఒక పెద్ద మనిషి ఏదో అడుగుతున్నాడని మాత్రం ఎవరికీ తోచదు. తోచేలా మేమూ చెప్పలేదు, నిజం ఒప్పుకోవాలి.

అందుకే మూల వ్యాసాల సంకలనం అనగానే ఆశపడ్డాను. వికాస మనోవిజ్ఞానంలో పేరుమోసిన వ్యాసాలు ముప్పై నాలుగు, ఒక్క బైండులో, విదేశీ పుస్తకానికి ఇక్కడి చౌక ముద్రణ, 795 రూపాయలు. ఇదే వ్యాసాలు విడిగా పత్రికల దగ్గర కొనాలంటే ఒక్కదానికే అంతకంటే ఎక్కువ అడిగేవి ఉన్నాయి. ఆ లెక్కన చూస్తే పుస్తకం చవకే.

సంకలనం చేసేవాళ్ల విషయంలో నా కొలత ఒక్కటే. వ్యాసం చదివి మూసేశాక మా క్లాసు పిల్ల ఒకతె పక్కింటి పిల్లాడి దగ్గర కూర్చుని అదే పని తను చేసి చూడగలదా? చూడగలిగితే ఆ వ్యాసం ఏరదగ్గదే. రాసినాయన ఎంత గొప్పవాడు, ఎంతమంది ఆయన పేరు చెప్పుకున్నారు అన్నవి ఆ తర్వాతి మాటలు.

మొదటి వ్యాసం ఆ కొలతకి నిండుగా తూగింది. చార్లెస్ డార్విన్ 1877లో 'మైండ్' అనే పత్రికలో రాసిన చిన్న వ్యాసం. టైన్ అనే ఫ్రెంచి రచయిత ఒక పసిపిల్ల ఎదుగుదల గురించి రాసింది చదివాక, ఈయనకి ముప్పై ఏడేళ్ల కిందట తన పెద్దకొడుకు మీద రాసుకున్న డైరీ గుర్తొచ్చింది. పాత పెట్టెలోంచి తీసినట్టు తీసి రాశాడు. ఏడో రోజున అరికాలికి కాగితం ముక్క తగిలిస్తే కాలు లాక్కుని వేళ్లు ముడుచుకున్నాడట. రెండేళ్ల ఏడున్నర నెలలప్పుడు ఆ పిల్లాడు భోజనాల గదిలోంచి వస్తూ తండ్రికి ఎదురయ్యాడు. కళ్లు మామూలుగా లేవు, వాలకం తేడాగా ఉంది. వద్దన్న పంచదార పొడి తిని వస్తున్నాడు. వీణ్ణి ఎప్పుడూ దండించింది లేదు కనక ఇది భయం కాదు, తిన్న సంబరం ఒక పక్క, మనస్సాక్షి ఒక పక్క లాగుతున్నాయి అని డార్విన్ రాసుకున్నాడు. పదిహేను రోజులు గడిచాయి. మళ్లీ అదే గదిలోంచి, ఈసారి బట్టల మీద తొడిగే పైగౌను జాగ్రత్తగా చుట్టి పట్టుకుని వచ్చాడు. అందులో ఏముందిరా అంటే ఏమీ లేదన్నాడు, వెళ్లిపొమ్మని తండ్రినే గదమాయించాడు. విప్పి చూస్తే ఊరగాయ రసం మరక.

క్లాసంతా గొల్లుమంది. జాడీ దగ్గర దొరికిపోని వాడు ఆ గదిలో ఒక్కడూ లేడు మరి. నవ్వులయ్యాక నేను ఒకే ప్రశ్న వేశాను: ఇందులో లోపం ఏమిటి? వెనక బెంచీ నుంచి జవాబొచ్చింది, "ఒక్కడే పిల్లాడు మేడమ్, అదీ సొంత కొడుకు." ఏ గైడూ చెప్పకుండా వచ్చిన జవాబది. మూల వ్యాసం చదివించడంలో ఉన్న లాభం ఇదే. రాసిన మనిషి ఏం చూశాడో, ఎలా చూశాడో కళ్ల ముందు ఉంటే తప్పు పట్టే ధైర్యం దానంతట అదే వస్తుంది.

ఇక చుక్కల సంగతి. రెండో వ్యాసం నుంచే మొదలయ్యాయి. పేజీ మధ్యలో మూడు చుక్కలు. కథలో మూడు చుక్కలు పెడితే మిగతాది మనం ఊహించుకోవాలని. ఇక్కడ ఊహించుకోవడానికేం లేదు. పిల్లలు ఎంతమంది, ఎక్కడ కూర్చోబెట్టారు, ఏ మాటతో అడిగారు, ఎన్నిసార్లు అడిగారు, అవన్నీ ఉండాల్సిన చోటది. విద్యార్థులకి భారం కాకూడదని పద్ధతి భాగాలు కుదించామని సంపాదకులు ముందుమాటలో చెప్పుకున్నారు కూడా. కుదించలేదు, కోసేశారు. ముందు వాదన, వెనక ముగింపు, మధ్యలో చుక్కలు. పులుసులో ముక్కలన్నీ తీసేసి వడ్డించినట్టుంది. పైగా మిగిలిన ఆ ముగింపు మా పిల్లలకి ముందే తెలుసు. అది బిట్టుగా బట్టీ పట్టే వచ్చారు.

దీనివల్ల ఏమైందో ఒకటి చెప్తాను. పియాజే రాసిన భాగంలో నీళ్ల గ్లాసుల సంగతి ఉంది, మన బీఈడీ పుస్తకాల్లో 'పదిలపరచుకొనే భావన' అంటారే, అది. సంకలనంలో మిగిలిందల్లా, ఒక పాత్రలోంచి ఇంకో ఆకారం పాత్రలోకి పోస్తే చిన్నపిల్లలు నీళ్లు పెరిగాయనో తగ్గాయనో అంటారన్న సారం. మా క్లాసులో ఒకమ్మాయి వాళ్లమ్మ అంగన్‌వాడీ కార్యకర్త. చేసి చూస్తానని ఉత్సాహంగా వెళ్లింది. ఇంట్లోంచి రెండు స్టీలు గ్లాసులు, ఒక స్టీలు చెంబు పట్టుకెళ్లింది. ఐదేళ్ల పిల్లాడు ఎదురుగా కూర్చున్నాడు. స్టీలు గ్లాసులో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో బయటికి ఎలా కనిపిస్తుంది? వాడు లేచి మునివేళ్ల మీద నిలబడి రెంట్లోకీ తొంగిచూశాడు. "రెంట్లోనూ నీళ్లే" అన్నాడు. ఈ పిల్ల ఒక గ్లాసు చెంబులోకి వంపి, ఇప్పుడు దేంట్లో ఎక్కువున్నాయి అని అడిగింది. వాడు దీని మొహంలోకి చూసి, "నువ్వే పోశావుగా అక్కా, నీకు తెలీదా?" అన్నాడు.

మర్నాడు వచ్చి, "మేడమ్, ఆ పిల్లాడు ఏ దశలోనూ లేడు" అని చెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తప్పు ఆ పిల్లది కాదు. గ్లాసులు లోపలిది కనపడేవై ఉండాలి, మొదట రెండూ ఒకేలా ఉండాలి, రెంట్లోనూ సమానమే కదా అని అడిగి పిల్లాడిచేత ఔననిపించుకోవాలి, వాడు చూస్తుండగా పొయ్యాలి, మళ్లీ అడగాలి, ఎందుకలా అన్నావని కూడా అడగాలి. పియాజేకి ఆ ఆఖరి 'ఎందుకు' మీదే అసలు ధ్యాస. ఇవేవీ పుస్తకంలో లేవు. ఆ చోట చుక్కలున్నాయి.

తమాషా ఏమిటంటే ఆ ఐదేళ్ల వాడు అడిగిందే ఎడిన్‌బరోలో మార్గరెట్ డొనాల్డ్‌సన్, జేమ్స్ మెక్‌గారిగల్ అనే ఇద్దరికి 1974లో తట్టింది. ఒకసారి జవాబు చెప్పాక పెద్దవాళ్లు అన్నీ కదిపి మళ్లీ అదే ప్రశ్న వేస్తే, మొదటి జవాబు తప్పేమోనని పిల్లలు మార్చేస్తారు కదా? అందుకని నీళ్లకి బదులు సమానంగా పేర్చిన రెండు బిళ్లల వరసల్లో ఒకదాన్ని పెద్దవాళ్లు కాకుండా పెట్టెలోంచి వచ్చిన అల్లరి ఎలుగుబంటి బొమ్మ చెదరగొట్టినట్టు చేశారు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు 80 మంది. మామూలుగా అడిగితే ఆరుగురిలో ఒకరు 'సమానమే' అన్నారు. ఎలుగుబంటి చెదరగొడితే పదిమందిలో ఆరుగురు అన్నారు. ఈ వ్యాసం సంకలనంలో లేదు. పియాజేకి రెండు వ్యాసాలిచ్చి, ఆయన్ని నిలదీసిన వాళ్లకి ఒక్క పేజీ ఇవ్వలేదు. క్లాసిక్ పక్కన దాని మీద వచ్చిన తగాదా కూడా వెయ్యకపోతే అది పఠనం అవ్వదు, పూజ అవుతుంది.

వైగాట్‌స్కీ భాగం మీద మాత్రం సంపాదకులకి దణ్ణం పెడతాను. 1934లో ముప్పై ఏడేళ్లకే పోయిన రష్యా మనస్తత్వవేత్త. మనందరం ఇంగ్లిషులో చదివే 1978 నాటి పుస్తకం ఆయన వేర్వేరు చోట్ల రాసినవి ఏరి, కలిపి, అతికి చేసినదని పరిచయంలో దాచకుండా చెప్పారు. సంకలనం చేసేవాళ్లు ఇంకో సంకలనం గుట్టు విప్పడం నాకు ముచ్చటేసింది.

జత కుదిర్చిన చోట పుస్తకం ఎంత బావుంటుందో చూపించే ఘట్టం ఒకటుంది. ఎలియనార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ 1960లో సైంటిఫిక్ అమెరికన్‌లో రాసిన 'కనిపించే అగాధం' వ్యాసం. మామూలు చదువరుల పత్రికలో వచ్చింది కాబట్టో ఏమో, కత్తెర పడలేదు. బల్ల మీద మందపాటి గాజు పలక, దాని కింద ఒక సగంలో గళ్ల గుడ్డ గాజుకి అంటుకునే ఉంటుంది, రెండో సగంలో గుడ్డ కింద నేల మీద ఉంటుంది. పాకే పిల్లలు 36 మంది, ఆరు నుంచి పధ్నాలుగు నెలల వాళ్లు. తల్లి ఒకసారి ఆ వైపు నుంచి, ఒకసారి ఈ వైపు నుంచి పిలుస్తుంది. కదిలిన 27 మందీ లోతులేని వైపుకి ఒక్కసారైనా పాకారు. లోతు కనిపించే వైపుకి వెళ్లిన వాళ్లు ముగ్గురే. దీని వెంటనే 1985 నాటి వ్యాసం వేశారు: అదే గాజు, లోతు మాత్రం ఎటూ తేల్చుకోలేనంత. ఏడాది పిల్లలు అంచు దగ్గర ఆగి తల్లి మొహం చూస్తారు. తల్లి నవ్వుమొహం పెడితే 19 మందిలో 14 మంది దాటేశారు. భయం మొహం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. తల్లి నోరు విప్పలేదు, మొహమే. మా ఇళ్లలో ఈ పరీక్ష కుదరదని, గాజు దగ్గరికి చేరకముందే వెనకనుంచి నలుగురు "పడతావ్!" అని అరుస్తారని మా క్లాసు తేల్చింది. ఈ రెండు వ్యాసాలూ కలిపి పద్దెనిమిది పేజీలు. పుస్తకం మొత్తం ఇలాగే ఉంటే ఐదు చుక్కలూ ఇచ్చి అప్పుపడి ఉండేదాన్ని.

తల్లీబిడ్డల అనుబంధాన్ని పరిశోధించిన మేరీ ఐన్స్‌వర్త్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ కత్తెర. 1970 నాటి 'అపరిచిత సన్నివేశం' వ్యాసం. ఏడాది నిండబోతున్న పిల్లలు 56 మంది, ఎనిమిది అంకాలు. తల్లి, బిడ్డ, బొమ్మలున్న గది. కొత్త మనిషి లోపలికి వస్తుంది, తల్లి వెళ్తుంది, తిరిగొస్తుంది, కొత్తామె వెళ్తుంది, బిడ్డ ఒంటరి, ఇలా ఒక్కో అంకం సుమారు మూడు నిమిషాలు. చిన్న నాటకంలా రాసిందావిడ. ఆ ఎనిమిది అంకాలూ ఎగిరిపోయాయి. పట్టిక మిగిలింది.

మా చెల్లెలి మనవరాలికి పదకొండు నెలలప్పుడు సంక్రాంతికి అందరం కలిశాం. పొద్దున్న ఆరింటికి మొదలైతే ఆ పిల్ల అమ్మ చేతుల్లోంచి తాతమ్మకి, అక్కణ్ణించి పిన్నికి, ఎదురింటావిడకి, ముగ్గు వేసే అమ్మాయికి, గంగిరెద్దుల ఆయన్ని చూపించడానికి ఎత్తుకెళ్లిన ఎవరికో. అమ్మ వంటింట్లో రెండు గంటలు ఉంది. పిల్ల చుట్టూ ఒకసారి కూడా చూడలేదు. ఏడిచింది ఎప్పుడయ్యా అంటే కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు. ఈ పిల్లని ఆ గదిలో కూర్చోబెడితే కొత్త మనిషి వచ్చినందుకు కాదు, గదిలో ఒక్కరే మనిషి ఉన్నందుకు బెంగపెట్టుకుంటుంది. ఐన్స్‌వర్త్ తప్పని నేననను. ఆవిడ ఈ ఆలోచన మొదలుపెట్టిందే 1954-55లో కంపాలా దగ్గరి ఉగాండా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి. ఆ ముక్క కూడా సంకలనంలో ఒక వాక్యమే. ఎనిమిది దేశాల్లో ఈ పద్ధతిలోనే చేసిన 32 పరిశీలనలు కలిపి 1988లో లెక్కలు తీస్తే దేశానికీ దేశానికీ మధ్య కంటే ఒకే దేశంలోపలే తేడాలు ఎక్కువని తేలింది. ఆ ఎనిమిదింట్లో మనది లేదు. అంకాలు ముద్రించి ఉంటే మా పిల్లలు కూర్చుని, ఇందులో ఏ అంకం మన ఇంట్లో తలకిందులవుతుంది అని వాదించుకునేవాళ్లు. ఇప్పుడు వాళ్లకి మిగిలింది మళ్లీ బిట్టే: అనుబంధం ఎన్ని రకాలు?

మిగతావి గబగబా. వాట్సన్, రేనర్ల 1920 వ్యాసం పూర్తిగా ఉంది. తెల్ల ఎలుకని చూపించినప్పుడల్లా వెనక ఉక్కు కడ్డీ మీద సుత్తి దెబ్బ కొట్టి, పదకొండు నెలల ఆల్బర్ట్ ఎలుకని చూస్తేనే భయపడేలా చేశారు. చదివాక ఒకమ్మాయి అడిగింది, "ఆ భయం ఎవరు పోగొట్టారు మేడమ్?" ఎవరూ పోగొట్టలేదు, పిల్లాణ్ణి ఆస్పత్రి నుంచి తీసుకెళ్లిపోయారని అందులోనే రాసుంది. ఇలాంటి వ్యాసం పక్కన పరిశోధన నైతికత మీద రెండు పేజీలు పెట్టాల్సింది. పెద్దవాళ్లు బొమ్మని కొట్టడం చూసిన పిల్లలూ కొడతారని చూపించిన బండూరా ప్రయోగం ఉంది, బాగానే ఉంది, ఫొటోలు మసకగా ఉన్నాయి. హార్లో 1958 ప్రసంగం ఉంది. పాలిచ్చే తీగల బొమ్మతల్లిని వదిలి మెత్తటి గుడ్డ బొమ్మతల్లిని కరుచుకునే కోతి పిల్ల. అన్నట్టు ఆయన వాడిన రీసస్ కోతికి దక్షిణ సరిహద్దు గోదావరి అని జంతుశాస్త్రం పాతమాట. ఇప్పుడవి నది దాటి దక్షిణానికీ దిగుతున్నాయట. మాకు ఉత్తరాన రీసస్, దక్షిణాన నెత్తిన టోపీలా జుట్టుండే బానెట్ కోతి. మా పిల్లలకి హార్లో వెంటనే ఎక్కడానికి ఆ ముక్క పనికొచ్చింది.

తెలుగు పిల్లలకి కొనమని చెప్పడానికి ఒక్క వ్యాసం చాలనుకుంటే అది జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్‌లది, 1984. పసిపిల్లలు చుట్టూ వినపడని భాషల ధ్వనుల్ని కూడా పుట్టుకతో విడదీసి వినగలరా అని చూశారు. అందుకు ఎంచుకున్న ధ్వనుల్లో ఒక జంట ఏదనుకున్నారు? హిందీ ట, త. ఇంగ్లిషు ఇళ్లలో పుట్టిన పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల్లో ఆ రెంటినీ ఇట్టే విడదీశారు. పది పన్నెండు నెలలకి వచ్చేసరికి ఆ పట్టు చాలామటుకు జారిపోయింది. ఇంగ్లిషు మాట్లాడే పెద్దవాళ్లకి అసలే కష్టం. పాట, పాత, మాట, మాత. మనకి ఇవి రెండు వేరు మాటలనే విషయంలో సందేహం ఎక్కడిది? ఆ చెవి ఏడాది లోపలే కుదురుకుంటుందని చదివి, కాల్ సెంటరు ఫోనులో అవతలి ఇంగ్లిషు మనిషి మన పేరు ఎందుకు సరిగ్గా పలకడో అర్థమైందని ఒక కుర్రాడన్నాడు.

ఈ వ్యాసంలో పద్ధతి నిండుగా ఉంచారు. ఎందుకు ఉంచారో తెలీదు, ఉంచినందుకు సంతోషం. బిడ్డ తల్లి ఒళ్లో కూర్చుంటుంది. స్పీకర్లోంచి ఒకే ధ్వని మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ధ్వని మారినప్పుడు తల తిప్పితే పక్కన పెట్టెలో దీపం వెలిగి బొమ్మ జంతువు ఆడుతుంది. మారనప్పుడు తిప్పితే ఏమీ రాదు. తల్లి తనకి తెలీకుండానే సైగ చెయ్యకుండా ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వినిపిస్తారు. ఆ హెడ్‌ఫోన్ల వాక్యం దగ్గర క్లాసులో ఒక చిన్న "ఓ..." వినిపించింది. ప్రయోగం అంటే ఏమిటో అరగంట లెక్చరులో చెప్పలేనిది ఆ ఒక్క వాక్యం చెప్పింది. సరిగ్గా ఇలాంటి వాక్యాలనే మిగతా చోట్ల భారమని తీసేశారు.

నాకు బాగా కోపం తెప్పించింది మిఠాయి పరీక్ష. ఇప్పుడే తింటే ఒకటి, కాస్త ఆగితే రెండు ఇస్తాం అన్న వాల్టర్ మిషెల్ ప్రయోగం. 1989లో సైన్స్ పత్రికలో వచ్చిన సమీక్ష వ్యాసం వేసి, అక్కడితో ఆపేశారు. ఇంటర్ కాలేజీలకి వచ్చే మోటివేషన్ స్పీకర్లు ఈ కథ చెప్పకుండా మైకు వదలరు: ఆగగలిగినవాడే పైకొస్తాడు, ఆగలేనివాడు అంతే. 2013లో సెలెస్ట్ కిడ్, ఇంకో ఇద్దరు చేసింది ఈ పుస్తకంలో ఎందుకు లేదు? ముందుగా రంగుల పెన్సిళ్లు, స్టిక్కర్లు తెచ్చిస్తామని చెప్పి సగంమందికి నిజంగా తెచ్చిచ్చారు, సగంమందికి లేవని చేతులు తిప్పేశారు. ఆ తర్వాత మిఠాయి. మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్ల కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన వాళ్ల కోసం 3 నిమిషాలు. ఆగకపోవడం నిగ్రహం లేక కాదు, అనుభవం ఉండి. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలు తిరిగి చూస్తే, ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకోగానే ఆగడానికీ తర్వాతి చదువుకీ ఉన్న సంబంధం బాగా సన్నబడిపోయింది. "జీతం రాగానే కొంటా" అన్న మాట ఎన్నిసార్లు వాయిదా పడుతుందో తెలిసిన ఇళ్లనుంచి వచ్చిన పిల్లలు నా ముందు కూర్చుంటారు. వాళ్ల చేతికి 1989 దగ్గర ఆగిన వ్యాసం ఇవ్వడం నాకు అన్యాయమే అనిపించింది.

లేనివాటిలో రెండు చెప్పి ఊరుకుంటాను. కోల్‌బర్గ్ చికాగో మగపిల్లల్ని అడిగి దశలు కట్టాడు. ఆడపిల్లల మాట ఏమిటని కరోల్ గిల్లిగన్ అడిగింది. ఆవిడ వ్యాసం ఉంది, మంచిదే. కానీ 1987లో రిచర్డ్ ష్వేడర్, మనమోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్ అదే చికాగో ఊరి వేరే పిల్లల పక్కన భువనేశ్వర్ పిల్లల్ని పెట్టి 39 సంగతులు అడిగారు. తండ్రి పోయిన మర్నాడే పెద్దకొడుకు క్షవరం చేయించుకుని కోడికూర తిన్నాడు, తప్పా? భువనేశ్వర్ బ్రాహ్మణ పిల్లలకి అది అన్నిటికంటే ఘోరమైన తప్పుల్లో ఒకటి. చికాగో పిల్లలకి అందులో తప్పే కనపడలేదు. మా క్లాసులో ఈ ప్రశ్న వేస్తే గంట కొట్టాక కూడా ఎవరూ లేవలేదు. ఎవరింట్లో పదో రోజు, ఎవరింట్లో మూడో రోజు, ఎవరింట్లో అసలు మైలే లేదు, అన్నీ బయటికొచ్చాయి.

రెండోది మన హైదరాబాదుది. చంపకం, శ్రీకాంతియా, గోపాలన్ 1968లో ఒక అమెరికన్ పోషకాహార పత్రికలో రాశారు. ఇప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ అంటున్నామే, దాని పాత పేరు రోజులు. పసితనంలో క్వాషియోర్కర్‌తో, అంటే మాంసకృత్తులు అందక ఒళ్లు నీరుపట్టే జబ్బుతో, ఆస్పత్రిలో చేరి బతికి బయటపడ్డ 19 మంది పిల్లల్ని కొన్నేళ్ల తర్వాత బడి వయసులో వెతికి పట్టుకున్నారు. ఒక్కొక్కరికీ సరిజోడుగా అదే వయసు, అలాంటి ఇల్లే ఉన్న మరికొందరిని ఎంచుకుని తెలివితేటలు పరీక్షించారు. జబ్బు చేసిన పిల్లలు వెనకబడ్డారు. చిన్న వయసు జట్టులో తేడా ఎక్కువ, పెద్ద వయసు జట్టులో తక్కువ. తిండికీ మెదడుకీ ఉన్న లంకె మీద ఇంత తొలిరోజుల్లో, ఇంత జాగ్రత్తగా జోడీలు కట్టి, మన ఊళ్లోనే చేసిన పని. ముప్పై నాలుగు వ్యాసాల్లో మనుషుల ఎదుగుదల మొత్తం ఉందని అట్ట మీద రాసుకున్న పుస్తకంలో ఆకలి అనే మాట విషయసూచికలో కూడా లేదు.

అందుకని ఈ రెండు, డొనాల్డ్‌సన్‌ది, 2013ది, ఇంకా ఐన్స్‌వర్త్ ఎనిమిది అంకాలు, అన్నీ కలిపి మా కాలేజీ ఎదురుగా జిరాక్స్ కొట్టులో స్పైరల్ చేయించాను. పాఠం చెప్పడానికి ఇలాంటి కోర్సు ప్యాకులు కాపీ చేసుకోవడం చట్టం ఒప్పుకునేదేనని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది కూడా, దొంగపనని బెంగ లేదు. కొట్టు కుర్రాడు పుస్తకం తిరగేసి, "ఇందులో పేజీలు ఎగిరిపోయాయా మేడమ్? అక్కడక్కడా చుక్కలే ఉన్నాయి" అన్నాడు. సమీక్ష అంతా వాడే రాసేశాడు.

కొనాలా వద్దా అంటే, పీజీ ఎంట్రన్సుకి చదివేవాళ్లు కొనక్కర్లేదు, మీకు కావలసింది ఇందులో లేదు. చెప్పే మాస్టార్లు ఒక కాపీ లైబ్రరీకి తెప్పించండి, డార్విన్, గాజు పలక జంట, వెర్కర్, వైగాట్‌స్కీ పరిచయం, వీటికే డబ్బులు గిట్టుతాయి. అక్షరాలు చిన్నవి, సాయంత్రం ట్యూబులైటు కింద కళ్లు లాగుతాయి. జిగురు బైండింగు మొదటి ఏడాది చివర్లోనే 200వ పేజీ దగ్గర విడిపోయింది, కుట్టించాను, అరవై రూపాయలు.

ఆ అంగన్‌వాడీ అమ్మాయి స్పైరల్ చదివాక మళ్లీ వెళ్లింది. ఈసారి టీ కొట్టు నుంచి రెండు గాజు గ్లాసులు, ఇంట్లోంచి ఒక సన్నపాటి పొడుగు గాజు గ్లాసు, నీళ్లకి బదులు రోజ్‌మిల్కు, గులాబీ రంగైతే మట్టం బాగా కనపడుతుందని. రెండూ సమానమేనా అంటే వాడు ఔనన్నాడు. వాడు చూస్తుండగా ఒకటి పొడుగు గ్లాసులో పోసింది. ఇప్పుడో? పొడుగుదాంట్లో ఎక్కువ. ఎందుకురా? వాడు మట్టం మీద వేలు పెట్టి, "ఇక్కడిదాకా వచ్చింది చూడు" అన్నాడు. ఇంకో ప్రశ్న అడిగేలోపే ఆ ఎక్కువ ఉన్న గ్లాసు లాక్కుని తాగేశాడట.